పగటిపూట ఇంట్లో ఉండరాదు

పట్నానికి పోయేవాళ్లను ఎందుకు పోతున్నారని అడిగితే వంద కారణాలు చెబుతారు. తిరిగొచ్చేవాళ్లను అడిగితే మాత్రం దగ్గి ఊరుకుంటారు. మనుషుల సంగతే ఇలా ఉంటే ఇక జంతువుల సంగతి చెప్పాలా?

జంతువులకూ ఒక పట్నం ఉంది. అది వేరుశెనగ మార్కెట్ యార్డు. అక్కడికి ఏడాది పొడవునా లారీలు వస్తుంటాయి, గోతాలు చిరుగుతుంటాయి, కాయలు రాలుతుంటాయి. చుట్టుపక్కల నలభై ఊళ్ల ఉడుతలూ ఎలుకలూ గోరింకలూ అక్కడికే చేరాయి. తిండికి లోటు లేదు గానీ తల దాచుకోవడానికే చోటు లేదు. అంత యార్డుకూ ఉన్నవి నాలుగు నిద్రగన్నేరు చెట్లు, ఒక ప్రహరీ గోడ, ఆ గోడ కింద వాననీళ్లు పోయే తూము. నాలుగు చెట్లకూ కలిపి పదమూడు తొర్రలు. ఆ పదమూడింటికీ యజమాని నక్క జంబులింగం.

ఆ యాజమాన్యం అతనికెలా వచ్చిందో ఎవరికీ తెలియదు. అందరికంటే ముందొచ్చింది నేనేనని అతనే చెప్పుకున్నాడు. కాదనడానికి అంతకుముందు వచ్చినవాళ్లు ఎవరూ లేరు. యార్డులో ఒకరినొకరు తినకూడదని కట్టుబాటు పెడితే ముందుగా తలూపింది కూడా అతనే. ఉడుతను తింటే ఒక పూట గడుస్తుంది, అదే ఉడుతకు ఇల్లు అద్దెకిస్తే ఏడాదంతా గడుస్తుంది. ఆ పాటి తెలివి లేకుండా నక్క పుట్టుక పుడతాడా?

ఇలాంటి చోటుకు గొర్రెలగుట్ట నుంచి నాంచారి అనే ఉడుత వచ్చింది. గుట్ట మీద రెండేళ్లుగా వానల్లేక సీతాఫలం చెట్లు పూత పూతగానే రాల్చేశాయి. మొగుడు పక్క గుట్టకు మేతకని వెళ్లి అక్కడే ఇంకో కాపురం పెట్టాడు. ఉడుతల్లో అది మామూలే కాబట్టి నాంచారి అందుకు ఏడవలేదు. కడుపులో పిల్లలు పడ్డారని తెలిసిన రోజు మాత్రం కాస్త ఏడ్చింది. ఏడుపయ్యాక ముఖం తుడుచుకుని, ఈనే నాటికి గట్టి తొర్ర ఒకటి సంపాదించాలని పట్నం దారి పట్టింది.

జంబులింగం ఆమెను తోక నుంచి మీసం దాకా చూశాడు. ఎవరికి ఇల్లిచ్చినా యార్డులో బండి లాగే ముసలి ఎద్దు భద్రయ్య ముందు మాట్లాడుకోవడం అక్కడి పద్ధతి. ఒకసారి విన్న మాటను భద్రయ్య మరిచిపోడు. నెమరు వేసేవాళ్లకు మరుపు రాదని యార్డులో ఒక నమ్మకం. ఏ తొర్ర ఎవరిదన్నది మాత్రం జంబులింగం ఆయన ముందు చెప్పడు, తర్వాత విడిగా చూపిస్తాడు.

"ఎంతమంది ఉంటారు పాపా?" అని అడిగాడు జంబులింగం.

"ఒకదాన్నే అన్నా," అంది నాంచారి. ఆ రోజుకు అది అబద్ధమేమీ కాదు.

"పిల్లలున్నోళ్లకి ఇయ్యను, ముందే చెప్తాండా. తెచ్చిన కాయల్లో పదికి ఆరు నాకు. పొద్దు గూకినాక నేనే వచ్చి తీసుకుంటా. ఇంకొక మాట. పగటిపూట ఇంట్లో ఉండరాదు."

ఎందుకని నాంచారి అడిగింది. ఆ ప్రశ్న కోసమే కాచుకున్నట్టు జంబులింగం రొమ్ము విరుచుకున్నాడు.

"ఇది పట్నం పాపా. పగలు పండుకునేటోడు సోమరిపోతు. సోమరోళ్లకి ఈడ ఇల్లు లేదు. నన్ను చూడు, పగలూ పండుకోను, రాత్రీ పండుకోను. మీ కోసం తిరగతానే ఉంటా. ఈ మాట భద్రయ్య ముందరే చెప్తాండా."

"విన్నాలే," అన్నాడు భద్రయ్య నములుతూనే.

నాంచారికి ఆ షరతు పెద్ద బరువనిపించలేదు. ఉడుత పగలు ఇంట్లో ఎందుకుంటుంది? పైగా ఇంటాయన అలా ఒళ్లు దాచుకోకుండా కష్టపడుతున్నాడంటే గౌరవం కూడా కలిగింది. పొద్దు పొడవగానే బయటపడేది, లారీ టైర్ల మధ్య ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని కాయలేరేది, పొద్దు గూకాక వచ్చి పదికి ఆరు లెక్కపెట్టి ఇచ్చేది. మిగిలిన నాలుగూ తిని, అలసిపోయి ముడుచుకుని పడుకునేది. తనుంటున్న తొర్ర ఎలా ఉంటుందో వెలుతురులో ఒక్కసారైనా చూడలేదు.

ఒక్క సంగతి మాత్రం వింతగా ఉండేది. రోజూ ఇంటికి వచ్చేసరికి తొర్రలో సగం కొరికిన జామకాయ ముక్కో, మేడిపండు తొక్కో కనిపించేది. జంబులింగాన్ని అడిగితే అతను రెప్ప కొట్టకుండా, కొత్తగా వచ్చినవాళ్లకు మేమిచ్చే కానుక అన్నాడు. పదికి ఆరు తీసుకునేవాడు ఊరికే జామకాయ పెడుతున్నాడంటే మన నాంచారి నమ్మింది. దూరపు కొండలే కాదు, కొత్త ఇంటి యజమానులూ నునుపే.

నెల దాటింది. ఒకరోజు పొద్దున్నే యార్డు గేటు దగ్గర నాంచారికి తమ గుట్టవాడు ఎదురయ్యాడు. అతను ముళ్లపంది ఓబులేసు. పక్కన పెళ్లాం, ఇద్దరు పిల్లలు. జంబులింగం దగ్గరికి వెళ్తే, ముళ్లవాళ్లకు ఇల్లివ్వం, గోడలు గీసుకుపోతాయి పొమ్మన్నాడట. చేసేది లేక చిరిగిన గోతాల కుప్ప వెనక కూర్చున్నారు. ఏదైనా చోటుంటే కబురు చేస్తానని నాంచారి మాటిచ్చింది. ఇచ్చిందే గానీ, ఆ మాట ఎలా నిలబెట్టుకోవాలో తనకే తెలియదు.

ఆ మధ్యాహ్నమే నొప్పులు మొదలయ్యాయి. పగలు ఇంట్లో ఉండరాదన్న మాట గుర్తుంది. కానీ కడుపులోని బిడ్డలు ఆ షరతుకు భద్రయ్య ముందు ఒప్పుకోలేదు కదా. నాంచారి పళ్లు బిగపట్టి చెట్టెక్కి తొర్రలోకి తల పెట్టింది.

లోపల ఎవరో తలకిందులుగా వేలాడుతూ నిద్రపోతున్నారు.

"ఎవరు నువ్వు? నా ఇంట్లో ఏం చేస్తాండావు?" అంది నాంచారి.

ఆ మనిషి, మనిషంటే గబ్బిలం, ఒక కన్ను తెరిచాడు. "నీ ఇల్లా? ఎనిమిది నెలల నుంచి నేనీడ ఉండాను. రోజూ పదికి ఆరు పండ్లు కడతాండా. ఇంతకూ నువ్వెవరమ్మా?"

పేరు ముత్యాలప్ప. పెద్దవాడు, ఒంటరివాడు. ఇద్దరూ ఒకరినొకరు దొంగ కిందే జమకట్టారు. తర్వాత నాంచారి చూపు ఆ గబ్బిలం మూతికి అంటిన జామగుజ్జు మీద పడింది. ముత్యాలప్ప చూపు ఆమె చేతిలోని వేరుశెనగ పొట్టు మీద పడింది. తనకేమో ఆ పొట్టును తొర్రలో మెత్తగా ఉండటానికి పరిచామని జంబులింగం చెప్పాడట. రాత్రి ఇంట్లో ఉండరాదని, రాత్రి పండుకునేవాడు సోమరిపోతని కూడా చెప్పాడట. గబ్బిలం రాత్రి ఇంట్లో ఎందుకుంటుంది? అందుకే అతనూ తలూపాడు.

"ఒక్క తొర్రకు ఇద్దరి కాడ అద్దె తీసుకుంటాండాడు," అంది నాంచారి. అనేసరికి ఇంకో నొప్పి వచ్చి తొర్రలోనే కూలబడిపోయింది.

ముత్యాలప్ప మర్యాదగా గోడ వైపు తిరిగాడు. కాసేపటికి మూడు చిన్న కూతలు వినిపించాయి. చిటికెన వేలంత పిల్లలు ముగ్గురు, ఇంకా కళ్లు తెరవలేదు. వాళ్లను చూసి నాంచారికి సంతోషం, భయం కలిసి వచ్చాయి. సాయంత్రం అద్దెకు జంబులింగం వస్తాడు. పిల్లల్ని చూశాడా, బయటికి తోసేస్తాడు. నెల రోజులైతే గానీ కళ్లు తెరవని పిల్లల్ని ఎత్తుకుని ఎక్కడికి పోవాలి? పైన గద్దలు, కింద లారీలు.

"ఏడవద్దు తల్లీ," అన్నాడు ముత్యాలప్ప. "నీకొక మాట చెప్తా. ఈ లారీల రొదకు పగలు నాకు సరిగ్గా నిద్ర పట్టదు. రోజూ ఎండ వాలే పొద్దుకు ఈ చెట్టు పక్కన గోడ కింది తూములోంచి గురక వినపడుతుంది. మొదట్లో మిల్లు మిషనేమో అనుకున్నా. కాదు. జంబులింగం. ఎవరూ చూడకుండా వెనక్కి వెనక్కి జరుగుతా తూములోకి దూరి పండుకుంటాడు."

నాంచారి ఏడుపు ఆపింది. "పగలా?"

"పట్టపగలే."

ఆమె పిల్లల వైపు ఒకసారి, తూము వైపు ఒకసారి చూసింది. "చిన్నాయనా, ఎండలో ఎగరగలవా? గేటు కాడ గోతాల వెనక మా ఓబులేసన్న ఉండాడు. ఆయనకొక ఇల్లు దొరికిందని చెప్పాల."

ఎండలో గబ్బిలం ఎగరడం యార్డు ఎన్నడూ చూడలేదు. ముత్యాలప్ప కళ్లు చికిలించుకుని లారీ మీద కప్పిన టార్పాలిన్‌కు గుద్దుకుని, ఒక హమాలీ తలపాగాకు గుద్దుకుని, చివరికి ఓబులేసు పక్కనే పడ్డాడు. చెప్పాల్సింది చెప్పాడు. ఓబులేసు కుటుంబం గోడ వెంట నడిచి తూములో చేరింది. ముళ్లు విప్పుకుని హాయిగా కాళ్లు చాపుకుంది.

ఎండ వాలింది. జంబులింగం అటూ ఇటూ చూశాడు. ఎవరూ లేరు. చూపు బయటికే ఉంచి, తోక ముందు పెట్టుకుని, వెనక్కి వెనక్కి జరుగుతూ తూములోకి దూరాడు.

ఆ కేకకు లారీల కింద ఉన్న ఎలుకలు కూడా బయటికొచ్చాయి. గోరింకలు లేచాయి. భద్రయ్య బండి లాక్కుంటూ వచ్చి గోడ పక్కన నిలబడ్డాడు. వెనక భాగంలో ఏడు ముళ్లతో జంబులింగం తూము ముందు గెంతుతున్నాడు.

"నా ఇంట్లో ఈ ముళ్లోడు దూరినాడు," అన్నాడు.

"ఇల్లు ఖాళీగా ఉండె, చేరినాం," అన్నాడు ఓబులేసు లోపలి నుంచి, నిదానంగా.

భద్రయ్య నమలడం ఆపాడు. ఆయన నమలడం ఆపితే యార్డంతా చెవులు రిక్కిస్తుంది. "జంబులింగం, ఇప్పుడు పగలు కదప్పా. పగటిపూట ఇంటికెందుకొచ్చినావు?"

జంబులింగానికి ముందు నుయ్యి, వెనుక గొయ్యి. వెనుక గొయ్యే కాదు, ఏడు ముళ్లు కూడా. నిద్రకు వచ్చానంటే తను పెట్టిన రూలుకు తనే సోమరిపోతు. సోమరిపోతుకు పట్నంలో ఇల్లు లేదు. నిద్రకు కాదంటే తూముతో పనే లేనట్టు, ఇల్లు పోయినట్టే. చుట్టూ తన అద్దెవాళ్లంతా చూస్తున్నారు.

"ఊరికే చూసిపోదామని వచ్చినా," అని నసిగాడు. "నేను పండుకోనని నీకు తెలుసు కదా."

"తెలుసు. నా ముందరే చెప్పినావు. పగలు పండుకోవు, రాత్రి పండుకోవు. మరి నీకు తూమెందుకు? పిల్లలు గల సంసారం, ఉండనీ."

అప్పుడు చెట్టు మీంచి నాంచారి, ముగ్గురు పిల్లల్నీ పొట్ట కింద దాచుకునే, తమ తొర్ర కథంతా బయటపెట్టింది. ముత్యాలప్ప అవునన్నాడు. జనంలో గుసగుస మొదలైంది. గోరింక తన గూట్లో రోజూ కనిపించే గుడ్లగూబ ఈకను గురించి ఆలోచనలో పడింది. పదమూడు తొర్రలకు అద్దెవాళ్లు ఇరవై ఆరుగురని తేలడానికి ఎంతోసేపు పట్టలేదు.

"ఇల్లు ఎవరిదంటే," అన్నాడు భద్రయ్య మళ్లీ నమలడం మొదలుపెడుతూ, "దాంట్లో పండుకునేటోళ్లది. పండుకోనోళ్లకి అద్దె లేదు."

జంబులింగం తేలు కుట్టిన దొంగలా మెల్లగా జారుకున్నాడు. ముళ్లు పీకమని అడగడానికి కూడా మొహం చెల్లలేదు. వారం రోజులు గోతాల కుప్ప వెనక పడుకున్నాడు. ఆఖరికి సిగ్గు విడిచి నాంచారి చెట్టు కిందికొచ్చి, కాస్త చోటుంటే చెప్పమన్నాడు.

"ఉండాది అన్నా," అంది నాంచారి. "పొద్దున నేను లేచినాక, చిన్నాయన వచ్చేలోపల, ఒక్క రెప్పపాటు పిల్లల పక్కన మా చోటు ఖాళీగా ఉంటుంది. పదికి ఆరు తెచ్చుకో."

నెల గడిచేసరికి పిల్లలు కళ్లు తెరిచారు. గొర్రెలగుట్ట మీద వానలు పడ్డాయని లారీల మనుషులు మాట్లాడుకుంటుంటే విని నాంచారి సామాను సర్దుకుంది. ఆమె సామానంటే ముగ్గురు పిల్లలే. తొర్ర మొత్తం తీసుకోమని ముత్యాలప్పకు చెప్పింది. ఇంత ఇంట్లో ఒక్కడినే ఏం ఉంటానన్నాడు పెద్దాయన. గుట్ట మీద సీతాఫలాలు పండినప్పుడు రాత్రిళ్లు వచ్చిపొమ్మని ఆమె ఒప్పించింది.

గేటు దగ్గర అప్పుడే ఒక ఎలుకల కుటుంబం దిగుతోంది. కొత్తగా వచ్చారు, కళ్లనిండా ఆశ. ఈ పట్నం వదిలి ఎందుకు పోతున్నావని నాంచారిని అడిగారు.

"ఆకలైతే వచ్చినా," అంది నాంచారి. "ఇప్పుడు నిద్రొస్తాండాది, పోతాండా."

ఆమె వెనకాలే జంబులింగం కూడా కుంటుకుంటూ గేటు దాటుతున్నాడు. ఇరవై ఆరుగురికి ఇల్లిచ్చినవాడికి యార్డులో తోక ముడుచుకునే చోటు కూడా దొరకలేదు. ఎలుకలు అతన్నీ అదే మాట అడిగాయి. జంబులింగం దగ్గి ఊరుకున్నాడు.

కన్ను మూయనివ్వని ఇంటికి ఎంత అద్దె కట్టినా అది ఇల్లు కాదు.