నీలాలవ్వ వంకర గీత

అనగా అనగా అన్నవాళ్ళు పోయారు, విన్నవాళ్ళు మిగిలారు. వాళ్ళు చెప్పిన మాట ఇది.

పాలగుట్ట అనే ఊళ్ళో నీలాలు అని ఒక ముసలమ్మ ఉండేది. గుట్ట మీది తెల్లరాయి దంచి, జల్లించి, ముగ్గుపిండి అమ్ముకునేది. నెత్తిన గంప పెట్టుకుని "ముగ్గో, తెల్ల ముగ్గో!" అని వీధి వీధీ తిరిగేది. ఒకరు గుప్పెడు నూకలు పెట్టేవారు, ఒకరు గిన్నెడు గంజి పోసేవారు.

కోతల కాలంలో ఆ ఊళ్ళో దుమ్ముకు అందరూ వీధి తలుపు లోపల గడియ పెట్టుకుంటారు. ఊరెళ్ళేవాళ్ళు పెరటి దారిన వెళ్తారు. ఏ ఇంట్లో మనుషులున్నారో వాకిట్లో ముగ్గే చెప్పాలి. నీలాలుకు ఒక చెడ్డ అలవాటు. ముగ్గు లేని వాకిలి కనబడితే గొంతెత్తి, "ఈ ఇంటోళ్ళు ఊరెళ్ళినట్టున్నారమ్మోయ్!" అనేది. నోరు ఊరుకోదు, అంతే.

ఒక ఏడు పట్టపగలే దొంగతనాలు మొదలయ్యాయి. తిరనాళ్ళకు వెళ్ళిన వడ్రంగి ఇంట్లో ఇత్తడి బిందెలు పోయాయి. పెళ్ళికి వెళ్ళిన రైతు ఇంట్లో విత్తనాల కుండలు పోయాయి. జనం గడియలు మార్చారు, కుక్కల్ని కట్టారు, మొక్కులు మొక్కారు.

ఒక పొద్దున నీలాలు నేతగత్తె గవరమ్మ ఇంటి ముందు ఆగింది. ముగ్గు లేదు. గవరమ్మ కూతురి పురిటికి వెళ్ళింది. నీలాలు గొంతెత్తబోయి వెనక్కి చూసింది. వీధి మొదట్లో సూదులూ పూసలూ అమ్మే కొత్త మనిషి చెవులు రిక్కించి నిలబడ్డాడు. బిందెలు పోకముందూ అతనే వెనక ఉన్నాడు. విత్తనాలు పోకముందూ అతనే వెనక ఉన్నాడు.

నీలాలు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "ఆ ఇళ్ళు చూపించింది నా నోరే కదా!"

గవరమ్మ మగ్గం మీద పరాయివాళ్ళ నూలుతో నేసిన పెళ్ళిచీర ఉంది. అది పోతే ఆ ఇల్లు మళ్ళీ కోలుకోదు. తను జ్వరంతో పడుకున్ననాడు మూడు పూటలూ గంజి పోసింది గవరమ్మే.

నీలాలు గంప దించింది. గబగబా ముగ్గు పెట్టింది. రాయి దంచీ దంచీ వణికే చేతులు. ఒక గీత వంకరపోయింది. సూదులవాడు ముగ్గు చూసి ముందుకు పోయాడు.

మర్నాడు తెల్లవారగానే మళ్ళీ పెట్టింది. ఈసారి వాడు ఆగాడు.

"అవ్వా, ఈ గీత నిన్నా వంకరే, ఇవాళా వంకరే. ఇంటామె చెయ్యా, నీ చెయ్యా?"

నీలాలు అబద్ధం ఆడలేదు, నిజమూ చెప్పలేదు. "సూదులమ్ముకునేవాడికి ముగ్గుతో పనేంటి నాయనా?" అంది.

వీధిలో ఆడవాళ్ళు మెసలుతున్నారు. వాడు నవ్వి, "రేపొస్తాలే" అని పోయాడు.

తప్పు తెలిశాక దాచుకోవడం రెండో తప్పు. నీలాలు ఆ తప్పు చెయ్యలేదు. సాయంత్రం బావి దగ్గర ఆడవాళ్ళందరికీ చెప్పేసింది.

వడ్రంగి భార్య సోమమ్మ మండిపడింది. "నా బిందెలు పోయింది నీ వల్లా, ముసలీ?"

"నా వల్లే తల్లీ. నన్నెంతైనా తిట్టు. గవరమ్మ ఇల్లు మాత్రం కాపాడు."

సోమమ్మ కడవ దించి, "ఆ వంకర గీత ఎట్లా గీస్తావో చూపించు" అంది.

మూడోనాడు సూదులవాడు వచ్చాడు. మొదటి వాకిట్లో వంకర గీత. రెండో వాకిట్లో వంకర గీత. మూడో వాకిట్లో వంకర గీత. వీధి చివరిదాకా అంతే. మూడుసార్లు అటూ ఇటూ తిరిగాడు. ఏది ఉత్త ఇల్లో తేలలేదు. గుమ్మాల్లో ఆడవాళ్ళు చేటలు పట్టుకుని నిలబడి, "ఏం కావాలయ్యా?" అని అడిగారు. వాడు ఏరు దాటి పోయాడు. మళ్ళీ రాలేదు.

గవరమ్మ తిరిగొచ్చి సంగతంతా విన్నది. లోపలికెళ్ళి చీర చూసుకుని వచ్చి, వణికే ఆ రెండు చేతులూ పట్టుకుంది.

"ఇంకాస్త చిక్కగా పోయాల్సింది అత్తా, ఆ గంజి!" అంది. ఇద్దరికీ నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి.

నీలాలు పోయి ఎన్నేళ్ళయిందో లెక్కలేదు. ఇప్పటికీ పాలగుట్టలో ఎవరు ఊరెళ్ళారో వీధిలో పైకి అనరు. వెళ్ళినవాళ్ళ వాకిట్లో పక్కింటివాళ్ళు ముగ్గు పెడతారు. ఊరంతా, ప్రతి ముగ్గులో ఒక గీత కావాలనే వంకరగా వదులుతారు. చిన్నపిల్లలు దాన్ని సరిచెయ్యబోతే తల్లులు చెయ్యి పట్టుకుంటారు.

"ఉండనియ్యి. అది నీలాలవ్వ గీత."