హైమవతి పాడిన క్లారినెట్టు

"మాస్టారూ, మొదటి ప్రదర్శన నడిపించడం నా చేతికి ఎప్పుడిస్తారు?" అని హైమవతి ఒకనాటి సాయంత్రం అడిగేసింది. పదకొండేళ్ళుగా గొంతు దాకా వచ్చి వెనక్కి పోతున్న మాట అది.

జ్ఞానప్రకాశం మాస్టారు విశాఖపట్నంలో నలభైమంది వాయిద్యగాళ్ళ ముందు నిలబడి, ఆద్యంతం పాటలతోనే సాగే సంగీత నాటకాలు నడిపించేవారు. చేతిలో తాళం చూపే సన్నటి పుల్ల తప్ప ఆయనకు వాయిద్యం లేదు. వండుకున్నమ్మకు ఒక కూర, అడుక్కునేవాడికి అరవై కూరలని తన మీద తానే వేళాకోళమాడేవారు. అడిగినదానికి జవాబు చెప్పడం ఆయన అలవాట్లలో లేదు. పని చెప్పడం ఉంది.

హైమవతి ఆయన దగ్గర రిహార్సళ్ళు చేయించేది. గాయకుల చేత వల్లె వేయించడం, ఫిడేళ్ళను ఒక దారికి తేవడం, ఎవరైనా రాకపోతే వాళ్ళ వంతు తానే పాడి ఖాళీ పూడ్చడం ఆమె పని. వంట ఆమెది, వడ్డన మాస్టారిది. ప్రదర్శన రోజున ఆమె తెర పక్కన నిలబడి, ఎవరికీ కనబడకుండా పమిట చాటున చెయ్యి ఆడించుకునేది. ఆ చెయ్యి ఒక్కసారి వెలుతురులోకి రావాలని ఆమె ఎంత ఆశపడిందో ఆమెకే తెలుసు.

మాస్టారు కళ్ళజోడు తుడుచుకున్నారు. "రేపటి ఆఖరి రిహార్సల్ నువ్వే నడిపించు. ఎల్లుండి ప్రదర్శన సంగతి ఆ తరవాత చూద్దాం," అన్నారు.

ఆ ఏటి నాటకం దమయంతి కథ. నలుడు వదిలిపోయాక ఆమె అడవిలో ఒంటరిగా కళ్ళు తెరిచే చోట వాయిద్యాలన్నీ ఆగిపోయి, ఒక్క క్లారినెట్టు లేస్తుంది. అది వాయించే అప్పలస్వామి రైల్వేలో గార్డు. బండి ఎప్పుడొస్తే అతనూ అప్పుడే. నెల్లాళ్ళ రిహార్సళ్ళలో అతను వచ్చింది మూడుసార్లు. మిగతా అన్నిసార్లూ ఆ ముక్క హైమవతే పాడింది.

మర్నాడు ఆమె వంక పెట్టడానికి వీల్లేకుండా నడిపించింది. రెండో అంకం మధ్యలో అప్పలస్వామి తెల్ల యూనిఫారంతోనే వచ్చి, చప్పుడు కాకుండా కూర్చుని, క్లారినెట్టు పెదవులకు ఆనించుకున్నాడు. అడవి ఘట్టం వచ్చింది. అందరూ ఆగారు. హైమవతి కళ్ళు స్వరాల కాగితం మీదే ఉన్నాయి. అలవాటు కొద్దీ నోరు తెరిచి ఆ ముక్క తానే పాడేసింది. ఫిడేళ్ళవాళ్ళు తలలూపేంత బాగా పాడింది. తలెత్తి చూసేసరికి అప్పలస్వామి క్లారినెట్టు ఒళ్ళో పెట్టుకుని ఉన్నాడు.

"వచ్చారు కదా, వాయించలేదేం?" అంది.

"మీరు పాడేస్తన్నారు కదమ్మా. మరి నానెందుకులే అనుకున్నాను," అన్నాడతను, కోపమేమీ లేకుండా.

ఆమెకు తల కొట్టేసినట్టయింది. మర్నాటి ప్రదర్శన చేజారిపోయిందని ఏడుపొచ్చింది. వెనక వరసలో కూర్చున్న మాస్టారి వైపు తిరిగింది.

"ఆ ముక్క నీకు వచ్చని అతను విన్నాడు," అన్నారు మాస్టారు. "అది అతని దగ్గర్నుంచి నీకు కావాలని వినలేదు. మళ్ళీ మొదలుపెట్టు."

ఈసారి అడవి దగ్గరికి వచ్చేసరికి ఆమె కాగితం బోర్లించేసింది. పెదవులు బిగబట్టి, అప్పలస్వామి వైపు చెయ్యి చాచింది. పాట గొంతులో సిద్ధంగానే ఉంది. దాన్ని ఆపుకోవడం ప్రాణం మీదికి వచ్చింది. ఒక క్షణం ఏమీ రాలేదు. ఆ క్షణంలో ఆమెకు రేపటి మాట గుర్తులేదు, పదకొండేళ్ళూ గుర్తులేవు. ఆ స్వరమొక్కటే కావాలి, అది ఎదుటివాడి దగ్గర ఉంది. అప్పుడు క్లారినెట్టు లేచింది. ఆమె పాడినంత శుద్ధంగా లేదు, కాస్త జీరగా ఉంది. దమయంతి వేషం అమ్మాయి తన పాట ఎత్తుకోవడం మరిచిపోయి వింటూ ఉండిపోయింది.

అందరూ వాయిద్యాలు పెట్టెల్లో సర్దుకున్నాక మాస్టారు ముందుకు వచ్చారు. కాగితాల బల్లకు బిగించిన చిన్న దీపాన్ని కాసేపు చూశారు.

"రేపు కాస్త పెందలాడే రా అమ్మా," అన్నారు. "ఈ దీపం కాగితం మీద పడుతోంది. నీ ముఖం మీదికి జరపాలి."