ఎర్రజాజు చుక్క

అనగనగా ఒక అడవి అంచున, నల్లరాళ్ల గుట్ట కింద, ఏసోబు అనే కాపరి గొర్రెలు మేపుకునేవాడు. ఆ మందలో బొల్లి అనే గొర్రె ఉండేది. అది దేన్నీ ఒక పట్టాన నమ్మేది కాదు. పచ్చగడ్డిని కూడా రెండుసార్లు వాసన చూశాకే నోట పెట్టేది.

ఆ ఏడు వానలకు మందలో విరేచనాలు పట్టే పారుడు రోగం మొదలైంది. బొల్లి పిల్ల రెండు రోజులుగా పాలు ముట్టలేదు.

ఒక పొద్దున ఎదురొచ్చిన గొర్రెల నుదుట బొల్లికి ఎర్రజాజు మట్టితో పెట్టిన చుక్కలు కనిపించాయి. తనకు చుక్క లేదు, తన పిల్లకూ లేదు. బతకాల్సినవాళ్లను కాపరి ముందే ఏరుకున్నాడన్నమాట అనుకుంది. పిల్లను తోలుకుని గుట్ట మీది రాళ్ల చాటుకు పోయింది.

ఏసోబు కింద నుంచి పేరు పెట్టి పిలిచాడు. ఏరుకోవడం అయిపోయాక తనను పిలవడం దేనికి? ఇందులో ఏదో ఉంది. బొల్లి కదల్లేదు.

మధ్యాహ్నం మళ్లీ పిలిచాడు. ఈసారి ముసలి గొర్రె కర్రి రొప్పుతూ గుట్ట ఎక్కి వచ్చింది. కాపరి ఆకులు నూరి పసరు తీసి, వెదురు గొట్టంతో అందరికీ పోస్తున్నాడని చెప్పింది.

బొల్లి దాని నుదుటి వంక అనుమానంగా చూసింది. "నీకేం పెద్దమ్మా, నిన్ను ఎంచుకున్నాడు. నా పిల్ల బతకాలని ఆయన అనుకుంటే నేను దిగకపోయినా బతుకుతుంది. వద్దనుకుంటే దిగినా బతకదు. ఇక దిగడం ఎందుకు?"

"పిచ్చిదానా, చుక్క పెట్టి మందు పోయలేదే. మందు తాగినవాళ్లకు మళ్లీ పోయకుండా చుక్క పెట్టాడు" అంది కర్రి. "మేతకైతే రోజూ పరిగెడతావు. ఆయన అనుకుంటే గడ్డే నోట్లోకి వస్తుందిలే అని ఏనాడైనా పడుకున్నావా?"

అయినా బొల్లి, కర్రిని ఆయనే పంపి ఉంటాడని అనుమానించి అక్కడే కూర్చుంది.

పొద్దు వాలే వేళకు ఏసోబే గుట్ట ఎక్కాడు. ఆ అడుగుల చప్పుడు విని బొల్లి తన పిల్లను ఇంకా లోపలికి, ఇరుకు సందులోకి తోసింది. ఆయన బోర్లా పడుకుని చెయ్యి చాపాడు. వేళ్లు అందలేదు. చాలాసేపు పిలిచి పిలిచి దిగిపోయాడు.

చీకటి పడకముందే పిల్ల ఒళ్లు చల్లబడింది. బొల్లి ఒక్కతే తల వంచుకుని గుట్ట దిగింది. ఏసోబు దానికి మందు పోసి, నుదుట చుక్క పెట్టాడు.

ఆయన పక్కన ఇంకో గొట్టం మందుతో నిండుగా ఉంది. పొద్దుటి నుంచీ అది అక్కడే ఉందని కర్రి మెల్లగా చెప్పింది. బొల్లి దాన్ని వాసన చూడలేదు, చూసింది అంతే. అది చాలా చిన్నది. పిల్ల నోటికి సరిపోయేలా కొత్తగా కోసి ఉంది.

నీతి: దేవుడు మన వంతు ముందే సిద్ధం చేసి పిలుస్తాడు. ఆయన మనసును అనుమానిస్తూ కూర్చోకుండా లేచి వెళ్లడం మన పని.