కాటుక గేదె, బంగారు లేపనం

దొడ్డిలో కోళ్ళ గూటికి గడియ ఊడిపోయి చాన్నాళ్ళయింది. అయినా కోడిపెట్ట, పిల్లలు నిశ్చింతగా నిద్రపోతున్నాయి. కాటుక అనే గేదె రోజూ ఆ తలుపుకే ఒరిగి పడుకుంటుంది మరి. అది లేస్తే తప్ప తనకు కోడికూర లేదని నక్కకి బాగా తెలుసు.

ఆ వేసవికి కాటుక చర్మం పగిలి పొట్టు రాలుతోంది. పక్క కొట్టంలోని తెల్లావును చూసినప్పుడల్లా పాపం నిట్టూర్చేది.

ఒక సాయంత్రం నక్క మోదుగాకు దొప్ప పట్టుకుని వచ్చింది.

"వదినా, నీకోసమే చేశాను. కస్తూరి పసుపు, వట్టివేరు, పైన బంగారు నూగు. రాసుకుని తెల్లారేదాకా ఆ చివరి గట్టు మీద పడుకో. ఆవుకన్నా తెల్లబడకపోతే నన్నడుగు."

"నిజమేనా మరిదీ?" అంటూ కాటుక లేవబోయింది.

తల్లి మెడ నాకుతున్న దూడ ఆగింది. "నువ్వు తెల్లబడితే నేనెవర్ని అమ్మా అనాలి?"

మూలన నెమరేస్తున్న ముసలి మేక పొన్నమ్మ తలెత్తింది. ఆ చుట్టుపక్కల అది రుచి చూడని ఆకు లేదు. "రాసుకోవే, ఎవరొద్దన్నారు? కానీ మన దొడ్డి కట్టుబాటు మరిచావా? ఏ లేపనమైనా ముందు చేసినవాళ్ళ చెవి వెనక పడాలి."

"దానికేం భాగ్యం అత్తా" అంది నక్క. నిజానికి దొప్పలో పసుపూ లేదు, వట్టివేరూ లేదు. కంచె మీది తీగకాయలకు మెరిసే నూగు కనబడితే, పుల్లతో గీకి బురదలో కలిపింది. ఆ తీగ పేరడిగిన పాపాన పోలేదు. తన రెండు చెవుల వెనకా దట్టంగా పట్టించింది.

అది దురదగొండి నూగు.

చెవి గోక్కుంటే కాలికి అంటింది, కాలు గోక్కుంటే పొట్టకి అంటింది. నక్క నేలమీద దొర్లింది. "పొన్నత్తా, నీ కాళ్ళు మొక్కుతా, మందు చెప్పు."

"మందు మీ వదిన దగ్గరే ఉంది. పచ్చి పేడ పూసుకో."

కాటుకకి జాలేసింది. గూటి తలుపు దగ్గర్నుంచి లేవకుండానే, తోకతో తన పేడకుప్ప చూపించింది. "కావలసినంత పూసుకో నాయనా."

గూటి సందులోంచి ఒక కోడిపిల్ల తొంగిచూసింది. "అమ్మా, నక్క మామ సింగారించుకుంటున్నాడా?"

మర్నాడు పొన్నమ్మ వేపాకు, పసుపు నువ్వులనూనెలో నూరి, ముందు తన చెవి వెనక రాసుకుని చూసి, తర్వాత కాటుకకి పట్టించింది. నాలుగు పూతలకి పగుళ్ళు మానాయి. రంగు మాత్రం కాటుకే. "చేదుగా ఉన్నావమ్మా" అంటూనే దూడ ఆ నల్లటి మెడలో మొహం దాచుకుంది. నక్క ఇప్పటికీ ఆ కంచె దరిదాపులకు రాదు.

నీతి: ఎంత మెరిసే లేపనమైనా, ముందు చేసినవాడి చెవి వెనక పడాలి.