ఈరమ్మ మట్టి

ఇనుపరాయి కోసం ఎర్రగుట్టను తవ్వించిన రాజుగారు, చివరికి అక్కడ గడ్డిపోచ మొలవని రాళ్లదిబ్బను వదిలేశాడు. గొర్రెలకాపరి ఈరమ్మ కాస్త భూమి అడిగితే, గనుల అధికారి వీరభోజుడు నవ్వి, "ఆ రాళ్లు నీవే, ఏలుకో!" అన్నాడు.

ఆమె ఏళ్ల తరబడి రాత్రిళ్లు అక్కడ గొర్రెల మందకట్టి, వాటి పెంటను నేలకు ఎరువు చేసింది. జనుము చల్లి, పూతకు రాగానే ఎరువుగా నేలలో కలిపి దున్నేసింది. జొన్న నిలువెత్తు పెరిగేసరికి అధికారికి కన్ను కుట్టింది.

"నేనిచ్చింది రాళ్లు ప్రభూ, పొలం కాదు!" అని రాజు దగ్గర వాదించాడు. రాజు స్వయంగా చూడవచ్చాడు.

"నిజమే దొరా," అంది ఈరమ్మ. "ఆయన రాళ్లు ఆయనకే ఇచ్చేస్తా. పైనున్న మట్టి నేను చేసుకున్నది, ఎత్తుకుపోతా." పార తీసుకుని గంప నింపసాగింది.

వీరభోజుడు కంగారుపడ్డాడు. "ఆగు! మట్టి పోతే ఇక్కడ ఇంకేం మిగులుతుంది?"

"మీరిచ్చిందే మిగులుతుంది, అయ్యా."

రాజు వంగి, గంపలోని మట్టిని గుప్పిట పట్టాడు. నల్లగా, చల్లగా ఉంది. అందులో ఒక వానపాము మెల్లగా కదిలింది. తను చంపిన గుట్ట మీద ప్రాణం! ఆ మట్టిని జాగ్రత్తగా చేనిలోనే వదిలి, చెప్పులు విప్పి చేత పట్టుకున్నాడు.

"ఈ చేను నీదేనమ్మా," అని గట్టు మీదికి నడిచాడు.