వస్తాదుగారి పొట్టేలు

కోట తాలింఖానాలో కుస్తీ నేర్పే వస్తాదు వీరభద్రయ్య కుర్రాళ్లకు గంజినీళ్లే పోసి, పొద్దస్తమానం పరుగెత్తించేవాడు. "కొవ్వు కరిగితే కండ అదే పడుతుంది" అనేవాడు.

తన పద్నాలుగేళ్ల కొడుకు మల్లప్ప అక్కడ కళ్లు తిరిగి పడిపోయాడని విని సోమక్క మండిపడింది. వస్తాదు పందెం పొట్టేలును మేపేది ఆమే. మర్నాటి నుంచి దానికి ఉలవలు మానేసి, కుడితినీళ్లే పెట్టి, ఊరంతా పరుగెత్తించింది.

పందెం దగ్గరపడింది. డొక్కలు తేలిన పొట్టేలును చూసి వస్తాదు చిందులు తొక్కాడు. "బుద్ధుందా నీకు? ఎదిగే జీవానికి తిండి పెట్టకుండా పరుగెత్తిస్తే కండ ఎక్కణ్ణుంచి వస్తుందే?"

"నా కొడుకూ ఎదిగే జీవమే కదా వస్తాదుగారూ! ముందు పిల్లలకు కడుపునిండా ఉలవచారన్నం పెట్టించండి. ఆనక పొట్టేలుకు ఉలవలు పోస్తాను."

ఆ మధ్యాహ్నమే తాలింఖానాలో అన్నం గుండిగ పొయ్యెక్కింది.