దట్టమైన తోపు

నందిసేనుడు మాటకారి. కృష్ణ ఒడ్డున ఉన్న ఆ బౌద్ధ విహారంలో ఎవరికి ఏ కబురు చెప్పాలన్నా అతన్నే ముందుకు తోసేవారు. పెద్దాయన మహితుణ్ణి పడుకోబెట్టడానికి మంచి నీడ వెతికే పని కూడా అలాగే అతని మీద పడింది.

మహితుడికి ఒళ్లంతా పొక్కింది. వేసవి ఉక్కకు ఇటుక గదిలో ఊపిరాడడం లేదు. చెట్ల కిందికి చేర్చండి, కానీ ఎండ పొడ తగిలిందంటే పుండ్లు రేగుతాయి అని వైద్యుడు గట్టిగా చెప్పి వెళ్లాడు.

మర్నాడు పొద్దున్నే నందిసేనుడు తిరిగొచ్చాడు.

"వాగు అవతల చింతతోపు ఉంది భంతే. దట్టమైన తోపు. ఆకాశం ఆనవాలు లేదు."

"దట్టమైన అంటే?" అడిగాడు గురువు ఉత్తరపాలుడు.

"ఆకులు లెక్కలేనన్ని ఉన్నాయని."

మంచం మోయడానికి సిద్ధంగా ఉన్న కన్హుడు నవ్వాడు. "పొద పక్కన నిలబెట్టినా మనవాడు అడవి అనే చెబుతాడు భంతే."

"వచ్చి చూశాక మాట్లాడు" అన్నాడు నందిసేనుడు.

"నేను చూస్తాను" అని గురువు లేచాడు.

గురువూ నందిసేనుడూ చేరేసరికి మిట్టమధ్యాహ్నమైంది. తోపు అతను చెప్పినట్టే ఉంది. ఒక్కో చెట్టూ ఏనుగంత. ఆకులు నిజంగానే లెక్కకు అందవు. నందిసేనుడి ముఖం వెలిగింది.

గురువు అన్నిటికన్నా పెద్ద చెట్టు కింద పైవస్త్రం పరిచి, రోగిలా వెల్లకిలా పడుకున్నాడు.

"నా మీద ఎండ పొడ పడిన చోటల్లా ఒక గులకరాయి పెట్టు."

నందిసేనుడు రొమ్ము మీద ఒకటి పెట్టాడు. భుజం మీద రెండు. పొట్ట మీద నాలుగు. ఇంకొక పొడ గురువు కనురెప్ప మీద ఉంది. అక్కడ పెట్టలేక చెయ్యి ఆగింది. అంతలో గాలి వీచింది. పెట్టిన రాళ్లన్నీ నీడలో మిగిలిపోయాయి. ఎండ మరో పది చోట్ల పడింది.

"ఇన్ని ఆకులున్నాయి కదా భంతే..."

"ఉన్నాయి. నువ్వు నిలబడి పైకి చూశావు. ఆయన ఇక్కడ పడుకోవాలి."

గురువు లేచి, వస్త్రం దులుపుకుని వెనక్కి నడిచాడు. నందిసేనుడు ఆయన వెంట వెళ్లలేదు. వాగు పట్టుకుని ఎగువకు పోయాడు.

"ఇంకో మంచి మాట దొరక్క తిరుగుతున్నాడేమో" అన్నాడు కన్హుడు రెండో రోజున.

మూడో రోజు సాయంత్రం నందిసేనుడు వచ్చాడు. వీపంతా మట్టి.

"చెప్పు" అన్నాడు గురువు.

"కానుగచెట్లు భంతే, ఏడు. నడిమి చెట్టు కింద పొద్దు పొడిచింది మొదలు పొద్దు వాలేదాకా పడుకున్నాను. గాలి వీచినప్పుడూ చూశాను. మధ్యాహ్నం ఒక్క పొడ పడింది, మోకాలి మీద. మంచం మూరెడు పడమరకు జరిపితే అదీ తగలదు."

కన్హుడు ఉండబట్టలేకపోయాడు. "ఇంతకీ దట్టమైనదేనా?"

నందిసేనుడు వీపు మీది మట్టి దులుపుకున్నాడు.

"పెద్దాయన పడుకోవచ్చు."

గురువు కన్హుడి వైపు తిరిగాడు.

"మంచం ఎత్తు."